శుక్రవార సూక్ష్మం: ఒక కారు యాత్రా పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

ఆ.వె.
రేపు తెల్లవార రివ్వున బయలేగి
గుహలు కొండ లోయ కోట చూచి
శుక్రవార మనెడు సూక్ష్మంబు మఱచిన
మ్యూజియంబు ముందు మూతి ముడుచు

అవతారిక

హైదరాబాదులో సొంత కారెక్కి, కర్నూలు మీదుగా బెలుం, గండికోట, తిరుపతి చూసుకుని, అక్కణ్ణుంచి కోస్తా వెంట అమరావతి, విజయవాడ, విశాఖపట్నం, బొర్రా దాకా వెళ్ళి, తిరుగుదారిలో నాగార్జునకొండ ఎక్కి ఇల్లు చేరే పది రోజుల ప్రయాణానికి పథకం వేసుకునేవారి నిమిత్తం ఈ పద్యం పుట్టింది. దారి మొత్తం రెండు వేల కిలోమీటర్లు దాటుతుంది. కర్త ఎవరో తెలియదు. ముందు సీటులో కూర్చుని స్టీరింగు మాత్రం ముట్టని వ్యక్తి అయివుంటాడని పద్యాన్ని బట్టి ఊహ. లేకపోతే నాలుగు పాదాల్లో ఒక్కచోటైనా పెట్రోలు ఊసు వచ్చేది.

ప్రతిపదార్థం

రేపు = రాబోయే అనుకూలమైన రోజున. ఈ మాటను ఉన్నదున్నట్టుగా తీసుకోకూడదు. పిల్లలున్న ఇంట్లో 'రేపు' అంటే వేసవి సెలవులు, దసరా, సంక్రాంతి, ఈ మూడింటిలో ఒకటి. వేసవి పక్షం దుర్బలం. మే నెలలో కడప జిల్లా ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే కనుక గండికోట రాతి మీద నిలబడి లోయను చూసే ఓపిక ఎవరికీ మిగలదు. సంక్రాంతికి వాతావరణం హాయిగా ఉంటుంది గాని, హైదరాబాదు నుంచి విజయవాడ వైపు ఊరంతా ఒకేసారి కదులుతుంది. ఆ నాలుగు రోజులూ 65వ నంబరు జాతీయ రహదారి టోల్ గేటే ఒక దర్శనీయ స్థలం. వానలు వెనకబట్టిన దసరా సెలవులే ఈ పదానికి సరైన అర్థం.

తెల్లవార = నాలుగు గంటలకు. ఇంటి యజమాని లెక్కలో ఇది కారు గేటు దాటే వేళ, ఇల్లాలి లెక్కలో పులిహోర డబ్బాలోకి ఎక్కే వేళ. రెంటికీ మధ్య గంటన్నర తేడా ఉంటుంది. శాస్త్రం మాత్రం యజమాని వైపే మొగ్గుతోంది. పంచాంగం ప్రకారం వారం మొత్తం మీద అన్నిటికంటే ముందుగా వచ్చే రాహుకాలం సోమవారానిది, అదైనా ఏడున్నరకు గాని మొదలవదు. కాబట్టి నాలుగింటికి బయల్దేరిన కారుకు ఏ వారమూ రాహువుతో పేచీ లేదు. వర్జ్యం సంగతి వేరు, దాన్ని ఎవరికి వారు చూసుకోవలసిందే. ఉపాహారంగా పులిహోరనే ఎందుకు విధించారంటే, చింతపండు పులుపూ నూనే కలిసి అన్నాన్ని సాయంత్రం దాకా చెడనివ్వవు. పెరుగన్నానికి ఆ హామీ లేదు.

రివ్వున = వేగంగా. ఇది అర్థవాదం, అంటే పొగడ్త కోసం చెప్పిన మాట. 44వ నంబరు రహదారి మీద కర్నూలు దాకా చెల్లుతుంది, ఆ తర్వాత చెల్లదు. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్ గేట్లలో ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు 3,000 రూపాయల వార్షిక పాసు కూడా వచ్చింది. ఏడాది గడవడం, 200 సార్లు గేటు దాటడం, వీటిలో ఏది ముందయితే దానితో పాసు ముగుస్తుంది. రాష్ట్ర రహదారుల టోల్‌కు అది పనికిరాదు. ఈ సంగతి తెలియనివారు గేటు దగ్గర చేసే వాదం వల్ల వెనకున్న వాళ్ళ 'రివ్వున' కూడా పోతుంది.

బయలేగి = బయలుదేరి. గ్యాసు కట్టేశామా లేదా అన్న సందేహంతో వీధి చివరి నుంచి ఒకసారి వెనక్కి రావడం ఇందులోనే అంతర్భూతం.

గుహలు = బెలుం, బొర్రా. బహువచనం వాడినందువల్ల ఒక గుహ చూసి ఊరుకోవడం కుదరదు. పైగా ఈ రెండూ ఒక జాతివే అయినా ఒక తీరువి కావు. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరి బెలుం చదును నేల కింద ఉంది. పైన చేలే కనిపిస్తాయి, మెట్లు దిగితే గాని గుహ ఉన్నట్టు తెలియదు. దీని ఉనికిని 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ నమోదు చేశాడు. వంద సంవత్సరాల తర్వాత, 1982-84 మధ్య, జర్మన్ గుహాన్వేషకుల బృందం లోపల పాకుతూ కొలిచింది. లెక్క 3,229 మీటర్లకు తేలింది. అందులో కిలోమీటరున్నర దాకా సందర్శకులను పోనిస్తారు. అట్టడుగున నీళ్ళున్న చోటు పేరు పాతాళగంగ. భూగర్భంలో పారిన నీరు సున్నపురాయిని కరిగించుకుంటూ పోగా ఏర్పడిన సొరంగాలివి. ఆ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు అన్నేసి ఎందుకున్నాయి, బేతంచర్ల, తాడిపత్రి నాపరాళ్ళు తెలుగు ఇళ్ళ వసారాల్లోకి ఎక్కణ్ణుంచి వచ్చాయి అనే ప్రశ్నలకు జవాబు కూడా ఆ రాతిలోనే ఉంది. గుహ, బస్తా సిమెంటు, వసారా బండ, మూడూ ఆ నేల సున్నపురాయి సంతానమే. గైడు ఈ చుట్టరికం చెప్పడు. 'ఇదిగో కోటిలింగాలు' అని టార్చిలైటు వేసి ముందుకు సాగిపోతాడు.

బొర్రా అలా దాక్కోలేదు. అనంతగిరి కొండల్లో, విశాఖకు 90 కిలోమీటర్ల దూరంలో, పెద్ద నోరు తెరుచుకుని ఉంటుంది. 1807లో విలియం కింగ్ దాన్ని లోకానికి తెలియజేశాడని చెబుతారు. అక్కడి గిరిజనులకు అంతకు ముందునుంచే తెలుసు కనుక ఇక్కడ 'లోకం' అన్న మాటకు లక్ష్యార్థం చెప్పుకోవాలి. కప్పు నుంచి బొట్టు బొట్టుగా రాలే నీరు వదిలిన సున్నం పైనుంచి కిందికీ, కింద నుంచి పైకీ స్తంభాలుగా పెరిగింది. శివలింగమూ, ఆవూ, ఇంకా చూసేవారి భక్తిని బట్టి ఎన్నో రూపాలు అక్కడ దొరుకుతాయి. కొత్తవలస–కిరండూల్ రైలు సొరంగాల్లోంచి దూరి వచ్చి ఈ గుహ పేరుతోనే ఉన్న స్టేషనులో ఆగుతుంది. కారు యాత్రికుడు ఆ ఒక్క రోజు కారు విశాఖలో వదిలి రైలెక్కితే పద్యానికి భంగమేమీ లేదు.

కొండ = తిరుమల. ముందు పేరేమీ తగిలించకుండా తెలుగులో 'కొండ' అంటే ఒకటే. ప్రకృతి విశేషాల జాబితాలోకి దీన్ని బలవంతంగా చేర్చారనే ఆక్షేపణ నిలవదు. కొండ మీది శిలాతోరణమూ, ఘాటు రోడ్డు అంచున కనబడే రాతిపొరల సంధీ, రెండూ జాతీయ భూవిజ్ఞాన స్మారకాలు. ఆ సంధి దగ్గర కింది రాతికీ పై రాతికీ మధ్య కోట్ల సంవత్సరాల కాలం గల్లంతయింది. గోవిందనామాలు చెబుతూ కిటికీలోంచి దాన్ని దాటిపోయేవారే నూటికి తొంభైతొమ్మిది మంది. పథకంలో ఈ పదానికున్న ప్రాధాన్యం మాత్రం భూవిజ్ఞానం వల్ల వచ్చింది కాదు, దర్శనం టిక్కెట్టు వల్ల వచ్చింది. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టిక్కెట్లు సుమారు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. హోటలు మార్చుకోవచ్చు, దారి మార్చుకోవచ్చు. టిక్కెట్టు మీది తేదీ మాత్రం కదలదు.

లోయ, కోట = గండికోట. రెండూ ఒకే చోట ఉన్నప్పుడు రెండు పదాలెందుకు, పునరుక్తి కాదా అంటే కాదు. లోయను పెన్న కోసింది, కోటను మనుషులు కట్టారు. ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పోయిన నదికి రెండు వైపులా ఎర్రటి బండలు పలకలు పేర్చినట్టు నిలువునా లేచి ఉంటాయి. కోటకు 1123లో కాకరాజు పునాది వేశాడంటారు. పెమ్మసాని నాయకులు దాన్ని రాతికోటగా పెంచారు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాక, 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే అక్కడికి వచ్చి అతణ్ణి కలిశాడు. మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం నేటికీ నిలిచే ఉన్నాయి. లోయ అందం సూర్యోదయానిది. కాబట్టి ముందు రాత్రి అక్కడే బస చేయాలి. మిట్టమధ్యాహ్నం చేరి నాలుగు సెల్ఫీలు దిగి వెళ్ళిపోయేవారికి 'చూచి' అనే క్రియ వర్తించదు.

చూచి = చూసి. గుహలకూ లోయలకూ సెలవు రోజు ఉండదు గనుక కవి వాటన్నిటినీ ఒక్క క్రియతో సరిపెట్టాడు. గుహకు సెలవు లేకపోయినా టిక్కెట్టు కౌంటరుకు సాయంత్రం ఉందని గ్రహించాలి.

శుక్రవార మనెడు సూక్ష్మంబు = శుక్రవారం అనే రహస్యాన్ని. పద్యానికి ఆయువుపట్టు ఇదే. పురావస్తు శాఖ తవ్వకాల స్థలాల దగ్గర నడిపే మ్యూజియాలకు వారపు సెలవు శుక్రవారం. అమరావతికీ నాగార్జునకొండకూ అదే వర్తిస్తుంది. సాలార్‌జంగ్ మ్యూజియానికి కూడా శుక్రవారమే సెలవు. అయితే అది హైదరాబాదువారి పథకంలో లేదు. సొంత ఊళ్ళో ఉన్న మ్యూజియాన్ని చుట్టాలు వచ్చినప్పుడే చూడాలని శిష్టాచారం.

మిగిలిన రెండింటిలో అమరావతిది విచిత్రమైన స్థితి. 1797లో కాలిన్ మెకంజీ అక్కడి స్తూపం దిబ్బను చూసిన తర్వాత, మరుసటి శతాబ్దంలో శిల్పాలు కొన్ని చెన్నైకీ, కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికీ చేరాయి. అసలు ఊళ్ళో మిగిలినవి స్థానిక మ్యూజియంలో ఉన్నాయి. అందుకే ఆ మిగిలిన వాటి విషయంలోనైనా వారం తప్పకూడదు. నాగార్జునకొండది ఇంకా పెద్ద కథ. 1926లో ఎ.ఆర్. సరస్వతి గుర్తించిన ఇక్ష్వాకుల విజయపురి లోయను, సాగర్ నీటిలో మునగబోతోందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా విస్తారంగా తవ్వారు. కొన్ని కట్టడాలను ఊడదీసి తెచ్చి కొండ మీద మళ్ళీ నిలబెట్టారు. నీళ్ళు వచ్చాక ఆ కొండ ద్వీపమైంది. మ్యూజియం దాని మీదే ఉంది, లాంచీలో తప్ప వెళ్ళే మార్గం లేదు. అంటే ఇక్కడ వారానికి తోడు లాంచీ వేళ, గాలీ వానా కూడా కలిసి రావాలి. రెండు రాష్ట్రాల్లో ఇంత కష్టపెట్టే మ్యూజియం మరొకటి లేదు, ఆ కష్టానికి ఇంతగా తగినదీ మరొకటి లేదు.

మఱచిన = మరిచిపోతే.

మ్యూజియంబు ముందు = తాళం వేసిన గేటు ఎదుట.

మూతి ముడుచు = అలుగును. ఎవరు? పద్యంలో కర్త లేదు, అధ్యాహారం చేసుకోవాలి. పిల్లలు అని చెప్పిన వ్యాఖ్య అనుభవవిరుద్ధం. మూసిన మ్యూజియం ముందు పిల్లలు ఎగిరి గంతులేస్తారు. డ్రైవరు సీటు వెనక్కి వాల్చి కునుకు తీస్తాడు. మూతి ముడిచేది పథకం వేసిన మనిషే.

పాఠాంతరం

విశాఖ పరిసరాల్లో మూడో పాదానికి 'సోమవార మనెడు' అనే పాఠం వినబడుతుంది. సో–సూ యతి చెల్లుతుంది, గణాలూ కుదురుతాయి, కాబట్టి ఛందస్సు వైపు నుంచి కాదనడానికి లేదు. అర్థం వైపు నుంచీ ఆధారముంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, మరుసటి ఏడాది రామకృష్ణా బీచి ఒడ్డున మ్యూజియంగా మారిన ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామికి సెలవు సోమవారం. రెండు పాఠాలనూ సమన్వయించాలంటే 'శుక్రవారం' ఉపలక్షణమనీ, వారపు సెలవులన్నిటినీ అది సూచిస్తుందనీ చెప్పుకోవడమే మార్గం.

ఛందస్సు, అలంకారం

ఆటవెలది. రే–రి, గు–కో, శు–సూ, మ్యూ–మూ యతులు. కోరిన ఫలం దక్కకపోగా అనుకోని అనిష్టం ఎదురైంది కనుక విషమాలంకారం.

పూర్వపక్షం, సిద్ధాంతం

చేతిలో ఫోను ఉండగా ఇంత చర్చ ఎందుకు, ఏ మ్యూజియం తెరిచి ఉందో అదే చెబుతుంది కదా అని ఆక్షేపణ. చెబుతుంది, గేటు ముందు నిలబడ్డాక. పథకం మూడు నెలల ముందు వేస్తారు, ఒక చోట రోజు జరిగితే ఆ తర్వాతివన్నీ వరసగా జరుగుతాయి.

ఈ దారిలో లెక్క ఇలా ఉంటుంది. మొదటి రోజు బెలుం చూసి రాత్రికి గండికోట. రెండో రోజు సూర్యోదయం కాగానే తిరుపతి ప్రయాణం. మూడో రోజు దర్శనం, శిలాతోరణం. నాలుగో రోజు విజయవాడ. ఐదో రోజు అమరావతితో పాటు, విజయవాడ బందరు రోడ్డు మీది బాపు మ్యూజియం. ఆ భవనం ఆవరణలోనే 1921 కాంగ్రెసు సమావేశాల్లో పింగళి వెంకయ్య తన జెండా నమూనా గాంధీకి అందజేశారు. ఆరో రోజు విశాఖ. ఏడో రోజు బొర్రా. ఎనిమిదో రోజు జలాంతర్గామి, సాయంత్రం భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు. తొమ్మిదో రోజు మళ్ళీ విజయవాడ. పదో రోజు తెల్లవారుజామునే సాగర్ చేరి, లాంచీలో నాగార్జునకొండ, రాత్రికి ఇల్లు.

సోమవారం బయల్దేరితే ఐదో రోజు శుక్రవారమై అమరావతి పోతుంది, ఎనిమిదో రోజు సోమవారమై జలాంతర్గామీ పోతుంది. బుధవారం బయల్దేరితే ఈ రెండూ దక్కుతాయి గాని పదో రోజు శుక్రవారమై నాగార్జునకొండ లాంచీ రేవులోనే మిగులుతుంది. తక్కిన ఐదు వారాలకూ దోషం లేదు. శనివారం మరీ శ్రేష్ఠం. అప్పుడు శుక్రవారం నాడు పడేది బొర్రా, దానికి వారంతో పని లేదు.

తాత్పర్యం

ప్రయాణాన్ని మ్యాపు నుంచి మొదలుపెట్టేవారు ఎక్కువ. ఈ పద్యం దాన్ని క్యాలెండరు నుంచి మొదలుపెట్టమంటోంది. దర్శనం తేదీ నుంచి రెండు రోజులు వెనక్కి లెక్కపెడితే వచ్చేదే మూలంలోని 'రేపు'. కాబట్టి తిరుమల టిక్కెట్టును బుధ, శుక్రవారాలు మినహా మరే రోజుకైనా తీసుకోవాలి.