సగం కన్యాశుల్కం

విజయనగరంలో సినిమా పిచ్చోణ్ణి కదిపి చూడండి. ‘కన్యాశుల్కం’ అంతటి సినిమా మళ్లీ రాలేదంటాడు. మూల నాటకం రాసిన గురజాడ మావాడే, 1892లో అది మొదట ఆడిందీ మా ఊళ్లోనే, సినిమాకి బాణీలు కట్టిన ఘంటసాల పాట నేర్చిందీ మా సంగీత కళాశాలలోనే అని ఛాతీ విరుస్తాడు.

“అయితే ఆఖర్న మధురవాణి ఏటి సేసింది బావూ?” అని అడగండి. మోగని ఫోను తీసి చెవికి పెట్టుకుంటాడు.

1955 నాటి బొమ్మ కదా, నలుపు తెలుపు కళ్లకి పడదట. యూట్యూబులో రెట్టింపు వేగంతో పరిగెత్తించినా అగ్నిహోత్రావధాన్లు గొంతు పెంచేలోపే కునుకు. ఎన్టీఆర్ గిరీశం వేషం, మధురవాణిగా సావిత్రి చూపు ఎవడిక్కావాలి? అదే కొత్త హీరో బొమ్మకైతే తెల్లారకుండానే బెనిఫిట్ షో దగ్గర బారు కడతాడు.

సిక్కోలు వాడేం తక్కువ తిన్నాడా? ఆగస్టు 29న గిడుగు జయంతికి ఆయన పటానికి దండేసి, వాడుక భాష మీద చప్పట్లు కొట్టి, సాయంత్రం ఆ వాడుక భాషలోనే నడిచే ఈ సినిమా వేస్తే ఇంటర్వెల్‌కి ముందే చెప్పులు వెతుక్కుంటాడు.

నాటకం చదవకుండా, సినిమా చూడకుండా రెండిటి మీదా గంటసేపు ఉపన్యాసం దంచే వీళ్ల దగ్గర ఆ కోతలరాయుడు గిరీశమే శిష్యరికం చెయ్యాలి!