దిగడానికి దారి ఉంది

మా పల్నాటి వైపు ఎవరినైనా అడిగి చూడండి, నల్లమల లోపలి చెంచుగూడెం ఎంత దూరమని. "అబ్బో, ఆ అడవిలోకి ఎవరు పోతారండీ" అంటారు. ఆ మాటన్న రైతే సంక్రాంతి వెళ్ళి చేను ఎర్రబడగానే ముఠా మేస్త్రికి ఫోను కొడతాడు. వారం తిరక్కుండా పిల్లాజెల్లాతో, తట్టాబుట్టతో చెంచుల ముఠా వచ్చి మిరపచేలో దిగుతుంది. చేతిలో అడ్వాన్సు పెట్టి పేరు రాసుకున్నాక రాకుండా ఉండే వీలు లేదు లెండి.

అంటే కొండ మనకు దూరం, మనం కొండకు దగ్గర. భూగోళశాస్త్రం దీన్ని ఒప్పుకోదు గానీ మన పరిపాలన ఎప్పుడో ఒప్పేసుకుంది. యర్రగొండపాలెం మండలం పాలుట్ల లాంటి గూడేల నుంచి కిందికి రావలసినవన్నీ వేళకు వస్తాయి. తేనె వస్తుంది, తపసి జిగురు వస్తుంది, కుంకుడుకాయ వస్తుంది. ఐదేళ్ళకోసారి ఓట్లు సీలు వేయించుకుని మరీ వస్తాయి. పైకి పోవలసిన వాటికే ఎక్కడ లేని అడ్డంకులూ. రోడ్డు ఎక్కలేదు, డాక్టరు ఎక్కలేడు, ఫోను సిగ్నల్ అయితే చెట్ల ఆకులు తగిలి కందిపోతుంది.

వెలిగొండ సంగతే తీసుకోండి. 1996లో శంకుస్థాపన చేశారు. కృష్ణ నీళ్ళు ప్రకాశం మెట్టకు తేవాలి కనుక నల్లమల కింద రెండు సొరంగాలు, ఒక్కోటీ దాదాపు 19 కిలోమీటర్లు. భూమిలో ఎలుగుబంటికి కూడా తెలియని చోట భారీ యంత్రాలు దించి కొండను తొలిచారు. 2024 మార్చి 6న ప్రాజెక్టును జాతికి అంకితం కూడా చేశారు. ఆ రోజు నీళ్ళు మాత్రం రాలేదు, అది వేరే కాలమ్. నా సందేహం ఒక్కటే. కొండ కడుపులో 19 కిలోమీటర్లు తొలవగలిగిన సర్కారుకు, కొండ వీపు మీద ఆటో పోయేంత బాట వేయడం ఎందుకింత కష్టం? ఎవరో ఇంజనీరు గారు ఓపికగా విడమరిచి చెబుతారు: కింద తొలిస్తే అది ప్రాజెక్టు, పైన చదును చేస్తే అది పులుల అభయారణ్యానికి ముప్పు. 2006 అటవీహక్కుల చట్టంలో రోడ్డుకు, బడికి, అంగన్‌వాడీకి ఒక్కో పనికి హెక్టారులోపు అటవీభూమి ఇవ్వొచ్చని రాసే ఉంది. గ్రామసభ అడగాలి, అటవీ అధికారి డీఎఫ్‌ఓ సరేననాలి. గ్రామసభ అడిగిన కాగితం దిగి వస్తుంది. మామూలే, దిగేవన్నీ వస్తాయి.

పులి మీద నాకు కోపమేమీ లేదు. 1983 నుంచి పులుల ప్రాజెక్టు కింద ఉన్న అడవి అది, దాని మర్యాద దానికి జరగాలి. దాని నిద్ర చెడకూడదని దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూస్తారు, మంచి పనే. కానీ పులికి జరిగే లెక్క చూస్తే మనిషికి అసూయ పుడుతుంది. దేశంలో పులులను నాలుగేళ్ళకోసారి లెక్కపెడతారు. 2018లో లెక్కపెట్టారు, 2022లో మళ్ళీ లెక్కపెట్టారు. చెట్లకు కెమెరాలు కట్టి, ఒంటి చారలను బట్టి ఏ పులి ఏదో గుర్తుపడతారు. మనుషులను ఆఖరుసారి లెక్కపెట్టింది 2011లో. 2021లో జరగాల్సింది కరోనా పేరు చెప్పుకుని 2027కి పోయింది. పులి ఏనాడూ రేషన్ షాపు మిషన్ మీద వేలు పెట్టి, గీతలు కలవలేదని తిరిగిపోయిన దాఖలా లేదు. జిగురు గీకి, మిరపకాయ కోసి చెంచు వేలు మీద గీతలు అరిగిపోతాయి. దాని చారలు అరగవు, అదృష్టవంతురాలు.

ఇక 2023 నవంబరు 15న పీఎం జన్‌మన్ అని కేంద్రం పథకం పెట్టింది, చెంచుల్లాంటి 75 తెగల కోసమే, 24 వేల కోట్ల పైచిలుకుతో. రోడ్డు నిబంధన సడలించి, వందమంది ఉన్న ఆవాసానికి కూడా ఇస్తామన్నారు. దయగల మాటే. కానీ పెంట అంటే అయిదారు గుడిసెలు, నీరూ దుంపా దొరికే చోట వేసుకున్నవి. వందకు తక్కువైన చోట ఏం చేయాలి? పథకం కోసం పిల్లలను కనాలా? పక్క పెంటవాళ్ళను అరువు తెచ్చుకుని కూర్చోబెట్టాలా?

అర్జీ పెట్టాలంటే కూడా దేశాటనే. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ శ్రీశైలంలో, జిగురు కొనే గిరిజన సహకార సంస్థ జీసీసీ పెద్దాఫీసు విశాఖపట్నంలో. జిల్లా కచేరీ అయితే అదే నడిచి తిరిగింది. ఈ గూడేలు మొదట కర్నూలు జిల్లాలో ఉండేవి, 1970లో ఒంగోలు జిల్లాలోకి వచ్చాయి, 1972లో దాని పేరే ప్రకాశం అయింది, 2025 ఆఖరున మార్కాపురం జిల్లా పుట్టింది. గుడిసె కదల్లేదు, మూడు జిల్లాలు చూసొచ్చారు. ఉచిత ప్రయాణ పథకం అంటే ఇదేనేమో.

పిలవకుండా చెంచులను తలుచుకుని బయల్దేరేది ఒక్క అహోబిలం నరసింహస్వామే. చెంచులక్ష్మిని చేసుకున్న అల్లుడు కనుక, సంక్రాంతి తర్వాత పారువేటలో పల్లకీ ఎక్కి పెళ్ళికి పిలవడానికి బయల్దేరతాడు. అత్తవారిల్లని ఆయనకు గుర్తుంది. మనకు చెంచులక్ష్మి అంటే గుర్తొచ్చేది 1958 నాటి అక్కినేని సినిమా.

అన్నట్టు మిరప. 2025లో ధర పడిపోతే గుంటూరు యార్డు ముందు రైతులు గోడు వెళ్ళబోసుకున్నారు. కేంద్రం కదిలి క్వింటాకు 11,781 రూపాయలని ప్రకటించింది. చాలదని రైతన్నాడు, న్యాయమే. అయితే ఆ లెక్కంతా కాయకు. కోతకూలి గిట్టక చేను వదిలేసినప్పుడు, దాన్ని నమ్ముకుని కొండ దిగినవాడికి క్వింటాకెంత అని ఎవరూ అడగలేదు. మనిషిని క్వింటాళ్ళలో తూచరు కదా. పస్తుల మీద ఉన్న మనిషైతే తూగనూ తూగడు.

నాకొక ఉపాయం తోస్తోంది. ఈ కొండ ప్రాంతాల పాలన మొత్తాన్ని మన ముఠా మేస్త్రీలకు అప్పగిస్తే సరి. ఏ పెంటలో ఎంతమంది ఉన్నారో జనాభా లెక్కలవాళ్ళకు తెలియదేమో గానీ వాళ్ళకు వేళ్ళ మీద ఉంటుంది. ఎవరి పిల్ల బాలింతో, ఎవరికి మలేరియా జ్వరమో, ఎవరు ఎన్ని బుట్టలు కోస్తారో చెప్పగలరు. అంబులెన్సు దిగబడే బాటలో వాళ్ళ బొలెరో పోతుంది, వానైనా పోతుంది. వందమంది ఉండాలన్న నిబంధన లేదు, నలుగురున్నా వస్తారు. వైద్యం, బడి, రేషన్, రోడ్డు అన్నీ వాళ్ళకే టెండరు ఇచ్చేద్దాం. తలకింత కమీషన్ తీసుకుంటారు, అడ్వాన్సు బాకీ తీరిందని ఎప్పటికీ అనరు, చిట్టా కూడా వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఆ మాటకొస్తే చదువు రానివాడి చిట్టా ఇప్పుడు మాత్రం ఎవరి దగ్గర ఉంది గనక?