అంగుళంలో అష్టైశ్వర్యం

మా బావ ఇంటికి ఎవరొచ్చినా ముందు చేతులు కడుక్కోమంటాడు. భోజనానికేమో అని సంబరపడి కూర్చున్నవాళ్ళ చేతికి భూతద్దం ఇస్తాడు.

తర్వాత హాల్లో అద్దాల బీరువా తాళం తీస్తాడు. తలుపు విసురుకి అరల్లో రాళ్ళు కదులుతాయని ఊపిరి బిగబట్టి తెరుస్తాడు. మనమూ బిగబట్టాలి. పొరపాటున దగ్గామా, ఆ పూటకి మన మర్యాద అంతటితో సరి. బీరువాలో ఉన్న మిగతావన్నీ ఉపోద్ఘాతమే. అసలు సంగతి మధ్య అరలో, అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ పెట్టెలో, బంక ముద్ద మీద నిలబడి ఉంటుంది. బఠాణీగింజంత స్ఫటికం, వెండిలా తెలుపు. పేరు స్పెరీలైట్.

బావ అరిజోనాలోని చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్పులు చేసే ఫ్యాక్టరీలో ఇంజినీరు. పగలంతా సిలికాన్‌లో దోషాలు వెతకడం ఉద్యోగం. సాయంత్రం స్పెరీలైట్‌లో దోషాలు లేవని మళ్ళీ మళ్ళీ నిర్ధారించుకోవడం జీవితం. ఇలాంటివాళ్ళు అమెరికాలో, జర్మనీలో, జపాన్‌లో ఎంతోమంది ఉన్నారు. దంతవైద్యులు, లాయర్లు, రిటైరైన పైలట్లు. దేశమేదైనా చూపు ఒక్కటే: మనిషిని చూస్తూనే భుజం మీదుగా వాడి బీరువాలోకి తొంగిచూస్తారు.

స్పెరీలైట్ పుట్టుపూర్వోత్తరాలు నాకు కంఠతా వచ్చేశాయి. కెనడాలో సడ్‌బరీ దగ్గర వెర్మిలియన్ గని. అక్కడి ఖనిజాన్ని పరీక్షించే రసాయనవేత్త ఫ్రాన్సిస్ లూయీ స్పెరీకి ఇసుకరేణువులంత తళుకులు దొరికాయి. యేల్‌లో హొరేస్ వెల్స్ వాటిని విశ్లేషించి 1889లో స్పెరీ పేరే పెట్టాడు. నీళ్ళకు పదిన్నర రెట్లు బరువు. ఈ కథ బావ గృహప్రవేశాల్లో చెప్పాడు, సీమంతాల్లో చెప్పాడు, ఒకాయన తద్దినం భోజనాల దగ్గర విస్తరి ముందు కూర్చుని కూడా చెప్పాడు. ఆయనకి 1889 నోట్లోంచి జారితే తప్ప ముద్ద దిగదు.

ఇందులో మా అక్కకు నచ్చిన ముక్క ఒక్కటే: స్పెరీలైట్‌లో సగానికి పైగా ప్లాటినం. పెళ్ళయి ఇరవై ఏళ్ళు నిండిన సందర్భంగా ప్లాటినం ఉంగరం కావాలని అడిగింది.

“ఇంట్లో ఉండగా మళ్ళీ ఎందుకే? నూటికి యాభై ఆరు వంతులు ప్లాటినమే,” అన్నాడు బావ, బీరువా వైపు చూపిస్తూ.

“మిగతా నలభై నాలుగు?”

“ఆర్సెనిక్.”

“అంటే పాషాణమేగా. కాఫీలో కలపడానికి పనికొస్తుందా?”

“లాభం లేదు, కరగదు. గట్టి ఆమ్లాలకే ఓ పట్టాన లొంగదది.”

“అయితే మీరు కూడా ఆలోచించి చూసుకున్నారన్నమాట,” అని అక్క లోపలికి వెళ్ళిపోయింది. ఉంగరం సంగతి ఇప్పటికీ తేలలేదు.

రాళ్ళు పోగేసే ఈ జాతిలో రెండు తెగలున్నాయి, ఒకరి ముఖం ఒకరికి పడదు. మొదటి తెగకు లెక్క ముఖ్యం. ప్రపంచంలో గుర్తింపు పొందిన ఖనిజాలు ఆరువేల చిల్లర. ఒక్కోదాంట్లో చుక్కంత తునక ఉన్నా చాలు, జాబితాలో టిక్కు పడుతుంది. బ్రూక్లిన్ వంతెన కట్టించిన వాషింగ్టన్ రోబ్లింగ్ ఈ తెగకు మూలపురుషుడు. ఆయన పోయాక కొడుకు 1926లో స్మిత్సోనియన్‌కు అప్పగించిన నమూనాలు దాదాపు పదహారువేలు. బావ రెండో తెగ. వీళ్ళకు అందం ముఖ్యం. ముఖాలు అద్దంలా ఉండాలి, అంచులు చెక్కుచెదరకూడదు, స్ఫటికం తను పుట్టిన రాతి మీదే కూర్చుని ఉండాలి. రోబ్లింగ్ పేరెత్తితే బావ పెదవి విరుస్తాడు. “వంతెన బాగా కట్టాడు,” అని మాత్రం ఒప్పుకుంటాడు.

ఫిబ్రవరి వచ్చిందంటే బావ నిలవలేడు. చాండ్లర్ నుంచి రెండు గంటలలోపే ట్యూసాన్. 1955లో ఒక ప్రాథమిక పాఠశాలలో చిన్నగా మొదలైన రాళ్ళ ప్రదర్శన ఇప్పుడు ఊరంతా పాకింది. హైవే పక్క మోటళ్ళలో గదికో దుకాణం. మంచం మీద రాళ్ళు, బల్ల మీద రాళ్ళు, టీవీ పక్కన రాళ్ళు. అమ్మేవాడు రాత్రి ఎక్కడ పడుకుంటాడో నాకు అంతుబట్టలేదు.

ఒకసారి నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు. అక్కడ జరిగేవి అచ్చం పెళ్ళిచూపులు. గదిలోకి వెళ్ళగానే కావలసినదాన్ని చూడకూడదు. పక్క రాళ్ళను మెచ్చుకోవాలి, ఎండల గురించి మాట్లాడాలి. తర్వాత యథాలాపంగా “అదేమిటి?” అనాలి. అప్పుడు వంశం బయటికొస్తుంది. ఏ గని, ఏ అంతస్తు, ఏ సంవత్సరం, అంతకుముందు ఎవరి చేతుల్లో ఉండేది. పాత యజమానులు రాసిన చీటీలు వరసగా పరుస్తారు. మూడు తరాల చీటీలుంటే బావ గొంతు మారిపోతుంది. ఆపైన భూతద్దం వేసి ఒంటి మీద మచ్చలు వెతుకుతాడు. చిన్న పెచ్చు లేచినా సంబంధం వద్దంటాడు, కానీ ధర తగ్గిస్తే ఆ పెచ్చు వెనక వైపుకి వస్తుంది కదా అని సర్దుకుంటాడు.

అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైన ఘట్టం వేరే ఉంది. విడి స్ఫటికాన్ని తీసుకొచ్చి వేరే రాతికి అంటించి అమ్మే ఘనులున్నారు. బావ జేబులో అతినీలలోహిత కాంతి టార్చి ఉంటుంది. గది కర్టెన్లు వేయించి, మనల్ని మాట్లాడొద్దని చెప్పి, స్ఫటికం మొదట్లో ఆ వెలుగు వేస్తాడు. జిగురు ఉంటే తరచుగా వెలుగుతుంది. ఆ రోజు ఓ గదిలో వెలిగింది. అమ్మేవాడి ముఖం వాడిపోయింది. బావ ముఖంలో అంత ఆనందం, నిజం చెప్పాలంటే, పెళ్ళి ఫోటోల్లో కూడా లేదు. ఏమీ కొనకుండానే విజేతలా బయటికి నడిచాడు.

బయట మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్ళ గుడారం ముందు అమెరికన్లు విరగబడుతున్నారు. పుణె దగ్గర వాఘోలీ నీలం కావన్సైట్, జల్‌గావ్ జియోలైట్లు. ఒక తెల్లజుట్టు పెద్దాయన బావ భుజం తట్టి, “ఇండియా నుంచా? మీ దగ్గర ఎంత బాగుంటుందో కావన్సైట్!” అన్నాడు. లోహకాంతి లేని రాయిని తన జన్మభూమికి అంటగట్టారని బావ రెండు రోజులు ముభావంగా ఉన్నాడు.

తన స్పెరీలైట్ పుట్టిల్లు మాత్రం రష్యాలోని తల్నాఖ్ అని గర్వంగా చెబుతాడు. నోరిల్స్క్ పక్కన, ఆర్కిటిక్ వలయానికి అవతల. చలికాలంలో అక్కడ నెలన్నర పాటు సూర్యుడు కనిపించడు. ప్రత్యేక అనుమతి లేనిదే విదేశీయుల్ని రానివ్వరు. ఆ అడ్డంకి చెప్పేటప్పుడు బావ నిట్టూరుస్తాడు గాని, ఆ నిట్టూర్పులో నాకు ఊరటే వినిపిస్తుంది. ఆయనకు దుమ్ము పడదు. గనిలోకి దిగిన పాపాన పోలేదు. తల్నాఖ్ గనుల్లో నికెల్, రాగి కోసం ఖనిజాన్ని పిండిచేసి కొలిమికి పంపుతారని తలచుకుంటేనే ఆయనకు నిద్రపట్టదు. “ఎన్ని స్పెరీలైట్లు పోయుంటాయో!” అని అర్ధరాత్రి లేచి కూర్చుంటాడట. అక్క అటు తిరిగి పడుకుంటుందట.

మా నాన్న రైల్వేకోడూరు నుంచి వచ్చినప్పుడు ఆయనకూ చేతులు కడుక్కునే యోగం పట్టింది. భూతద్దంలోంచి చాలాసేపు చూసి, “ఏంది అల్లుడూ, ఇంతేనా?” అన్నాడు.

“సెంటీమీటరు దాటింది మావయ్యా! ఇంతది దొరకడం అంటే మాటలా?”

“మా మంగంపేట నుంచి ముగ్గురాయి లారీలకు లారీలు పోతాంది.”

“అది చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలిపే రాయి మావయ్యా. దానికి ముఖాలుండవు.”

“ముఖం లేకపోతేనేం, ఊరికి కూలి ఇస్తాంది,” అని నాన్న భూతద్దం తిరిగి ఇచ్చేశాడు. అప్పట్నుంచి మామాఅల్లుళ్ళు వాతావరణం గురించే మాట్లాడుకుంటున్నారు.

పోయినేడు జనవరిలో బావ కారు స్టార్ట్ చేస్తే వీధంతా దద్దరిల్లింది. రాత్రికి రాత్రి దొంగలు కారు కింద దూరి క్యాటలిటిక్ కన్వర్టర్ కోసుకెళ్ళారు. పొగను శుభ్రం చేసే ఆ డబ్బాలో పల్లాడియం, రోడియంతోపాటు ప్లాటినం ఉంటుంది. వాళ్ళకు కావలసింది అదే. పోలీసు వచ్చి ఇంట్లో ఇంకేమైనా పోయిందా అని అడిగాడు. బావ ఆయన్ను లోపలికి తీసుకెళ్ళి చేతులు కడుక్కోమన్నాడు. ముప్పావు గంట తర్వాత ఆయన ఫిర్యాదు కాగితం మరిచిపోయి బయటపడ్డాడు.

“పక్కగోడ అవతల ఇంత స్ఫటికం ఉంటే, ఆకారం లేని పొడి కోసం కారు కింద దూరతారా? దొంగతనానికి కూడా చదువుండాలి,” అని బావ రోజంతా నొచ్చుకున్నాడు.

కొత్త కన్వర్టర్ ఖరీదు మెకానిక్ చెబితే, అదే డబ్బుకి ట్యూసాన్‌లో ఏమొస్తుందో బావ మనసులో లెక్క కట్టాడు. అక్క తన కారు తాళాలు ఇవ్వలేదు. ఫిబ్రవరిలో మా బావ ట్యూసాన్ వెళ్ళిన సంగతి చాండ్లర్‌లో ఆ వీధివాళ్ళందరికీ తెలుసు. తిరిగొచ్చిన సంగతి కూడా.