జహీరాబాద్‌లో ఒక డీటీపీ కంప్యూటర్ ఆత్మకథ

కంప్యూటర్‌లోని భాగాలన్నిటినీ నడిపిస్తూ, మిగతా ప్రోగ్రాములకు ఆధారంగా నిలిచే మూల సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. దాన్ని నమ్ముకుని తయారైన ప్రోగ్రాము, ఆ ఆధారం మారిన తరువాత కూడా మునుపటిలాగే పనిచేస్తే ఆ రెండింటికీ పొంతన కుదిరిందనీ, మొరాయిస్తే పొంతన తప్పిందనీ లెక్క. ఈ పొంతన తప్పినప్పుడు తెలుగు అచ్చుపనికి ఎంత నష్టం జరుగుతుందో, జహీరాబాద్‌లోని ఒక డీటీపీ దుకాణంలో పదేళ్ళకు పైగా పనిచేసిన కంప్యూటర్ ఒకటి తన జీవితాన్నే సాక్ష్యంగా పెట్టి ఇక్కడ వివరిస్తున్నది. 'ఈ యంత్రం' అన్న మాట వచ్చిన ప్రతిచోటా చెబుతున్నదీ, కథలో ఉన్నదీ ఆ కంప్యూటరే.

ఈ యంత్రం 2008లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలుగా కొని బిగించిన అసెంబుల్డ్ సిస్టమ్. కోర్ టూ డ్యూయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, సీ, డీ అనే రెండు భాగాలుగా విడదీసిన 160 జీబీ హార్డ్ డిస్క్, దాని మీద 32 బిట్ల విండోస్ ఎక్స్‌పీ దీని పుట్టుకతో వచ్చిన ఆస్తి. ముంబయి రహదారి మీద హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న జహీరాబాదుకు ఈ యంత్రం అదే ఏడాది చేరింది. బీదరు ఇక్కడికి కూతవేటు దూరం కావడం వల్ల, బజారులో తెలుగుతో పాటు ఉర్దూ, కన్నడం, మరాఠీ కూడా వినిపించే ఊరు కావడం వల్ల, ఈ యంత్రం ముందు కూర్చున్న ఆపరేటరు పొద్దున తెలుగు లగ్గం పత్రిక, మధ్యాహ్నం ఉర్దూ షాదీ కార్డు, సాయంత్రం ఒకవైపు తెలుగు, మరోవైపు కన్నడం ఉన్న కరపత్రం చేయవలసి వచ్చేది. డీటీపీ అనగా డెస్క్‌టాప్ పబ్లిషింగ్, అంటే సీసపు అక్షరాల అవసరం లేకుండా కంప్యూటర్ తెర మీదనే అక్షరాలు కూర్చి, బొమ్మలు అమర్చి, అచ్చుకు పుటలు సిద్ధం చేయడం. తెలుగునాట ఈ పనికి రెండు దశాబ్దాలకు పైగా ఆధారమైన ప్రోగ్రాము పేజ్‌మేకర్. ఆల్డస్ సంస్థ 1985లో తెచ్చిన ఈ ప్రోగ్రాము 1994లో అడోబీ చేతికి వెళ్ళింది. 2001లో వచ్చిన 7.0 దాని చివరి కూర్పు.

ఈ యంత్రం కథంతా ఆ పేజ్‌మేకర్ తెలుగును ఏ రూపంలో దాచుకునేదో అన్న విషయం చుట్టూ తిరుగుతుంది గనుక, దాన్ని కొంచెం నిదానంగా చూడాలి. ఆనాటి ఫాంట్లు 8 బిట్లవి. అంటే ఒక్కో ఫాంటులో 256 స్థానాలు మాత్రమే ఉంటాయి, వాటిలో మొదటి 32 యంత్రానికి ఇచ్చే ఆదేశాలకు పోతాయి. గుణింతాలూ ఒత్తులూ కలిపితే వేలలో తేలే తెలుగు అక్షరరూపాలు అందులో పట్టవు కాబట్టి, ఫాంట్ల తయారీదారులు తలకట్టును, గుడిని, కొమ్మును, ఒత్తులను విడివిడి ముక్కలుగా గీసి, ఇంగ్లీషు అక్షరాలు ఉండవలసిన స్థానాల్లో కూర్చోబెట్టారు. ఆపరేటరు తనకు అలవాటైన కీబోర్డు పద్ధతిలో కొడుతుంటే, నేపథ్యంలో నడిచే లిపి ప్రోగ్రాము ఆ మీటలను పట్టుకుని, తగిన ముక్కలను ఏరి పుట మీద పేర్చేది. తెర మీద 'స్త్రీ' అని చక్కగా కనిపించినా ఫైలులో ఉండేది మాత్రం చుక్కలూ గీతలూ తగిలించిన లాటిన్ అక్షరాల గుంపు. ఆ గుంపును తెలుగుగా చూపించేది ఆ ఫాంటు ఒక్కటే. పైగా ఒక సంస్థ ఫాంటులోని వరుసకూ ఇంకో సంస్థ ఫాంటులోని వరుసకూ సంబంధం ఉండేది కాదు.

దీనికి భిన్నమైన మార్గం అప్పటికే లేకపోలేదు. భారతీయ లిపులకు ఉమ్మడి సంకేతపద్ధతి అయిన ఇస్కీని భారత ప్రమాణాల సంస్థ 1991లో ప్రమాణంగా ప్రకటించింది. ప్రపంచ భాషలన్నిటి అక్షరాలకూ వేర్వేరు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ కూడా అదే ఏడాది వెలువడి, తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు ఇచ్చింది. యూనికోడులో 'స్త్రీ' అన్నది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాలుగా, పలికే వరుసలో నిలుస్తుంది; దాన్ని ఏ ఆకారంలో గీయాలన్నది ఫాంటూ, ఆపరేటింగ్ సిస్టమూ కలిసి చూసుకునే పని. ఫాంటు మారితే రూపం మారుతుంది గాని మాట చెదరదు. ఎక్స్‌పీలోనే గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు ఉన్నది, డాక్టర్ తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా దొరికేవి. అయినా పేజ్‌మేకరుకు యూనికోడ్ తెలియదు, అందులో యూనికోడ్ తెలుగును అతికిస్తే ప్రశ్నార్థకాల వరుస కనిపిస్తుంది. రోజు గడవాలంటే పేజ్‌మేకర్ తప్పదు గనుక చిన్న పట్టణాల దుకాణాలు పాత ఫాంట్లనే పట్టుకుని ఉండిపోయాయి. వాటిని తప్పుపట్టడం న్యాయం కాదు.

అయితే ఈ ఏర్పాటులోని లోటు, ఆపరేటింగ్ సిస్టమ్ మారకముందే రెండుసార్లు బయటపడింది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు లెటర్‌హెడ్లలో, బిల్లు పుస్తకాలలో ఆంధ్రప్రదేశ్ పేరును తీసివేయవలసి వచ్చింది. 2016 అక్టోబరు 11న జహీరాబాద్ మెదక్ జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలోకి వచ్చినప్పుడు, డీ డ్రైవ్‌లో పేరుకుపోయిన ఫైళ్ళన్నిటిలో 'మెదక్' మార్చవలసి వచ్చింది. యూనికోడ్ ఫైళ్ళయితే ఒకే వెతుకులాటతో తేలిపోయే ఈ పని ఇక్కడ తేలలేదు; ఎందుకంటే ఒక ఫాంటులో 'మెదక్' ఒక ముక్కల వరుస, మరో ఫాంటులో వేరే వరుస, ఫైలు పేర్లలో ఏది మెదక్ జిల్లా బిల్లో చెప్పే ఆధారం లేదు. ఆపరేటరు ఒక్కో ఫైలు తెరిచి, కంటితో వెతికి, చేత్తో దిద్దాడు. ఈ యంత్రం తెలుగును ఏళ్ళ తరబడి చూపించింది గాని, తెలుగుగా ఎన్నడూ దాచలేదన్న సంగతికి ఇంతకంటే గట్టి రుజువు అక్కరలేదు.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ భద్రతా సవరణలు ఇవ్వడం 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. 2016 ఏప్రిల్‌లో క్రోమ్ బ్రౌజర్ కూడా ఎక్స్‌పీని వదిలేసింది. డీటీపీ దుకాణం కేవలం అచ్చుపనితో బతికే రోజులు అప్పటికే పోయి, ఉద్యోగ దరఖాస్తులు, హాల్‌టికెట్లు, 2017 జూలై నుంచి జీఎస్టీ రిటర్నులు, ఇవన్నీ ఇదే బల్ల మీద జరుగుతున్నందువల్ల, పాత బ్రౌజరుతో వెబ్‌సైట్లు తెరుచుకోకపోవడం దుకాణానికి ప్రాణసంకటమైంది. అందుచేత 2019లో ఈ యంత్రానికి ర్యామ్ 4 జీబీకి పెంచి, 64 బిట్ల విండోస్ 10 ఎక్కించారు. ఎక్స్‌పీ మీద నుంచి నేరుగా విండోస్ 10కు మారే దారి లేదు కాబట్టి సీ డ్రైవ్‌ను ఫార్మాట్ కొట్టారు. ఫైళ్ళున్న డీ డ్రైవ్ భద్రంగా ఉన్నది గాని, ఫాంట్లన్నీ సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డరులో ఉండేవి గనుక దానితోపాటే తుడిచిపెట్టుకుపోయాయి.

ఆ తరువాతి ఇబ్బందులు ఒకే కారణం వల్ల వచ్చినవి కావు. 16 బిట్ల కాలంలో తయారైన ప్రోగ్రాములను 64 బిట్ల విండోస్ అసలు నడపదు. ఆ కారణంగా పాత సీడీలలోని కొన్ని ఇన్‌స్టాలర్లు తెరుచుకోనే లేదు. ప్రింటరుకూ ఆపరేటింగ్ సిస్టముకూ మధ్య దుబాసిగా పనిచేసే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాము కూడా 64 బిట్లదే కావాలి, దానికి గుర్తింపు పొందిన డిజిటల్ సంతకం ఉండాలి. ప్రింటరుకు అటువంటి డ్రైవర్ దొరికింది. భాషా సాఫ్ట్‌వేర్ నకళ్ళను అరికట్టడానికి కంప్యూటర్ వెనుక తగిలించే హార్డ్‌వేర్ లాక్‌కు మాత్రం దొరకలేదు. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్, తాళం పలకనందువల్ల, ఒక్క రోజులో కొరగానిదైంది.

అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టినది కీబోర్డు. పేజ్‌మేకర్ 32 బిట్లది కాబట్టి విండోస్ 10లో తెరుచుకున్నది. కాని పాతకాలపు ప్రోగ్రాములు తమ సెట్టింగులను తమ ఫోల్డరులోనే రాసుకునే అలవాటు గలవి, విండోస్ విస్టా నుంచి మామూలు హోదాలో నడిచే ప్రోగ్రాముకు ఆ ఫోల్డరులో రాసే అధికారం తీసివేశారు. అందువల్ల ఆపరేటరు, తెలిసినవారు చెప్పినట్టు, పేజ్‌మేకర్‌ను అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచాడు. సెట్టింగులు నిలిచాయి గాని తెలుగు రావడం ఆగిపోయి, ఏ మీట నొక్కినా ఇంగ్లీషు అక్షరమే పడసాగింది. తక్కువ హోదాలో నడుస్తున్న ప్రోగ్రాము, ఎక్కువ హోదాలో ఉన్న కిటికీలోకి వెళ్ళే మీటలను పట్టుకోకుండా కొత్త విండోస్ అడ్డుకుంటుంది; దొంగ ప్రోగ్రాములు పాస్‌వర్డులు కాజేయకుండా పెట్టిన కట్టుబాటు ఇది. పేజ్‌మేకర్ పై హోదాలో, లాక్ అవసరం లేని మరో లిపి ప్రోగ్రాము కింది హోదాలో ఉండడమే ఇక్కడి చిక్కు. రెండింటినీ ఒకే హోదాలో తెరిచాక తెలుగు మళ్ళీ పడింది. నిజానికి ఇక్కడ ఎవరి తప్పూ లేదు, కొత్త కాపలా సరైనదే, పాత ప్రోగ్రాము పుట్టిన నాటికి ఆ కాపలా లేదు, అంతే.

ఫాంట్ల సంగతి ఇంత సులువుగా తేలలేదు. కొన్నింటి సీడీలు గీతలు పడి చదవరాకుండా పోయాయి. ఫాంటు లేని ఫైలు తెరిస్తే పేజ్‌మేకర్ దాని స్థానంలో వేరే ఫాంటు పెట్టేది. అప్పుడు తెలుగు పుటంతా లాటిన్ గుంపుగా బయటపడడమే కాక, అక్షరాల వెడల్పులు మారి పంక్తులు జరిగి, ఒక పుటలో ఇమిడిన విషయం రెండో పుటలోకి పొర్లేది. అటువంటి ఫైలును చూసిన ఆపరేటరు, ఏ పెళ్ళి పత్రికో కూడా పోల్చుకోలేక, చాలాసేపు తెర వైపే చూస్తూ కూర్చున్నాడు.

పాత ఫాంటు ఫైళ్ళను యూనికోడులోకి మార్చే సాధనాలు చాలానే ఉన్నాయి. నాగార్జున వెన్న రూపొందించిన పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు, పత్రికల సొంత ఫాంట్లలో ఉన్న వెబ్ పుటలను యూనికోడుగా చూపించి ఒక తరం పాఠకులకు ఎంతో మేలు చేసింది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా పొడిగింపులన్నిటినీ నిలిపివేయడంతో ఆ రూపంలో అదీ ఆగిపోయింది. ఏ మార్పిడి సాధనమైనా ముక్కల వరుసను చూసి అక్షరాన్ని ఊహించవలసిందే కనుక తప్పులు తప్పవు. ఉదాహరణకు 173వ స్థానం కొత్త ప్రోగ్రాముల దృష్టిలో పంక్తి చివర మాత్రమే కనిపించే అడ్డగీత. పాత ఫాంటు ఆ స్థానంలో ఒక ఒత్తును పెట్టుకుని ఉంటే, ఫైలు చేతులు మారేటప్పుడు ఆ ఒత్తు చడీచప్పుడూ లేకుండా మాయమవుతుంది. అందుకే మార్చిన ప్రతిని మూలంతో పక్కపక్కన పెట్టి చదవనిదే నమ్మకూడదు.

చివరికి ఈ యంత్రానికి కుదిరిన ఏర్పాటు, విండోస్ 10 లోపల ఒక వర్చువల్ మెషీన్, అంటే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కల్పిత కంప్యూటర్, పెట్టి అందులో ఇంటర్నెట్ తగలకుండా ఎక్స్‌పీని నడపడం. పాత ఫైళ్ళు చాలావరకు అందులో తెరుచుకున్నాయి. దొరికిన ఫాంట్ల మేరకు వాటిని పీడీఎఫ్‌లుగా దింపుకున్నారు. కొత్త పని క్రమంగా అడోబీ వారిదే అయిన మరో డీటీపీ ప్రోగ్రాము ఇన్‌డిజైన్‌లోకీ, తెలుగు సాంస్కృతిక సంస్థ సిలికానాంధ్ర చొరవతో వెలువడిన మండలి, రామభద్ర, సురవరం వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లలోకీ మారింది. ఇన్‌డిజైన్ సీఎస్6 దాకా పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరిచేదనీ, తరువాతి కూర్పులు ఆ సౌకర్యాన్ని వదిలేశాయనీ దుకాణానికి ఆలస్యంగా తెలిసింది. దాచిపెట్టినంత మాత్రాన ఏదీ నిలవదు. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు పాత పంటల జాతరలో బండ్ల మీద ఊరూరా తిప్పే కొర్ర, సామ, జొన్న విత్తనాలు, మట్టిలో పడి మళ్ళీ పండుతున్నందువల్లనే నిలిచి ఉన్నాయి. డీ డ్రైవ్‌లోని ఫైళ్ళ విషయంలో ఆ శ్రద్ధ ఎవరూ తీసుకోలేదు, వాటిలో కొన్ని ఇక తెరుచుకోవు.

విండోస్ 10కు సాధారణ మద్దతు గడువు 2025 అక్టోబరు 14న ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని, కాలం చెల్లిన ప్రాసెసర్ గల ఈ యంత్రం విండోస్ 11 అర్హతలకు తూగదు. కాబట్టి పాత ఫాంట్లలో పనిచేసిన డీటీపీ దుకాణాలవారికీ, తమ పుస్తకాలు పేజ్‌మేకర్ ఫైళ్ళుగా మాత్రమే మిగిలి ఉన్న రచయితలకూ, ప్రకాశకులకూ ఈ యంత్రం చేసే మనవి ఒకటే: పాత కంప్యూటర్ ఇంకా నడుస్తున్నప్పుడే, ఫార్మాట్ కొట్టకముందే, ఫాంట్లనూ లిపి ప్రోగ్రామునూ వేరే చోట భద్రపరిచి, ప్రతి ఫైలునూ పీడీఎఫ్‌గా దింపి, ఆ పీడీఎఫ్‌తో సరిచూసుకుంటూ పాఠాన్ని యూనికోడులోకి మార్చుకోండి.