అమ్మిందొకరు, ఎగరాల్సిందొకరు

2022 సెప్టెంబరు 2న జర్మనీ విమాన సంస్థ లుఫ్తాన్సా పైలట్లు ఒక్కరోజు సమ్మెకు దిగారు. దాదాపు 800 విమానాలు రద్దు. ఢిల్లీ విమానాశ్రయంలో ప్రయాణికులు, బంధువులు లబోదిబో.

ఇలాంటప్పుడే బయటపడుతుంది ‘భాగస్వామ్య టికెట్’ మహిమ!

టికెట్ అమ్మేటప్పుడు: ‘మాదంతా ఒకటే కుటుంబమండీ!’

సమ్మె రోజు అమ్మిన సంస్థ: ‘ఎగరాల్సింది వాళ్లు, అక్కడ అడగండి.’

ఎగరాల్సిన సంస్థ: ‘అమ్మింది వాళ్లు, అక్కడే అడగండి.’

టికెట్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో: ‘నడిపేది వేరే సంస్థ.’

ఏజెంటు ఫోను: ‘మీరు క్యూలో ఉన్నారు.’

ఇక నాలుగు డబ్బులు మిగులుతాయని రెండు విమానాలకు విడివిడిగా టికెట్లు కొన్న తెలివిమంతుడి సంగతా?

మొదటి విమానం కదల్లేదు. రెండోది ఠంచనుగా ఎగిరిపోయింది.

విధులకు రానిది పైలట్లు. ‘నో షో’ (రాలేదు) ముద్ర పడింది ప్రయాణికుడికి!