నాలుగో అంకె

నా మీద సంవత్సరం 199 దాకానే ఉంది. నాలుగో అంకె పడాల్సిన చోట లోహం లేదు. ముద్ర మూడోవంతు కుడికి జారింది. ఎడమ పక్కన మాత్రం ఏ గీతా అక్షరమూ లేని నున్నటి నెలవంక మిగిలింది. బొరుసు మీద ఉండాల్సిన రెండు కంకుల్లో ఒకటే నాకు దక్కింది. బొమ్మ వైపు తిప్పితే హిందీలో రాసిన 'భారత్' పోయి ఇంగ్లీషు 'ఇండియా' మిగిలింది. అది చూసి రేపల్లెలో ఒకాయన రాజకీయం ఎత్తుకోబోయాడు గానీ, అదంతా అచ్చు చేసిన పని. నాకు ఏ పార్టీతోనూ సంబంధం లేదు.

నేను రూపాయి బిళ్ళని. 1992 నుంచి వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీలు రకం. వెడల్పు 25 మిల్లీమీటర్లు, బరువు 4.85 గ్రాములు, అయస్కాంతం కనిపిస్తే అంటుకుపోతాను.

టంకశాలలో మా పుట్టుక పెద్ద వింతేమీ కాదు. రేకు చుట్టల్లోంచి బిళ్ళలు కత్తిరిస్తారు, అంచులు ఒత్తుతారు, కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు, కడిగి మెరుగు పెడతారు. ఆ తర్వాత ప్రెస్సు. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, చుట్టూ కాలర్ అనే ఉక్కు కడియం. బిళ్ళ ఆ కడియంలో సరిగ్గా కూర్చున్నాకే పై అచ్చు దిగాలి. నేను సగం లోపల, సగం బయట ఉండగానే దిగింది. కడియం పట్టు లేకపోవడంతో నా అంచు ఒక పక్కకు సాగింది. నాలాంటివాటిని ఏరి కరిగించడానికి తనిఖీ ఉంటుంది. నేను ఎలా తప్పించుకున్నానో చెప్పలేను; సంచిలో లెక్కకు మాత్రం సరిపోయాను.

పుట్టింది ఏ ఊళ్ళోనన్నది ఇంకా తేలలేదు. ఈ దేశంలో టంకశాలలు నాలుగు. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్, వజ్రం గుర్తు ఉంటే ముంబయి, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. నా 199 కింద, సరిగ్గా అంచు తెగినచోట, పైకి పొడుచుకొచ్చిన సన్నటి కొన ఒకటి ఉంది. ఏదో ఉంది కాబట్టి కోల్‌కతా కాదు. మొనదేలింది కాబట్టి నోయిడా చుక్కా కాదు. ఇక మిగిలింది నక్షత్రం పై మొనా, వజ్రం పై మూలా అన్న ప్రశ్న. హైదరాబాదే అయినా చిక్కు తీరదు. అక్కడి టంకశాల 1903 నుంచి సైఫాబాదులో నడిచి, 1997లో చర్లపల్లికి మారింది. నాలుగో అంకె ఉంటే ఆ రెంటిలో ఏ గడపో తెలిసేది.

బయటికొచ్చాక నాకు పడ్డ మొదటి పేరు 'సత్తు రూపాయి'. తెనాలి బస్టాండులో కండక్టరు నన్ను వేళ్ళ మధ్య తిప్పి చూసి, "వేరేది ఇవ్వమ్మా" అని వెనక్కిచ్చాడు. చిల్లర కరువైన రోజుల్లో, రూపాయికి బదులు చాక్లెట్టు చేతిలో పెట్టే కొట్లవాళ్ళు సైతం నన్ను తీసుకోలేదు. దాంతో జనం నన్ను నాలుగు మంచి రూపాయల మధ్య పెట్టి చెల్లించడం నేర్చారు. పొద్దున చెల్లి, సాయంత్రం తిరిగొచ్చి, మర్నాడు ఇంకొకరి నెత్తిన పడేదాన్ని. దేవుడికి చెల్లని రూపాయి ఎవరూ వెయ్యరనుకుంటే పొరపాటు. బాపట్ల భావన్నారాయణ స్వామి హుండీలోకి నేను వెళ్ళింది భక్తితో కాదు.

హుండీ లెక్కింపు తర్వాత బ్యాంకు, బ్యాంకు నుంచి సూర్యలంక రోడ్డు మీద ఒక టీకొట్టు. ఆ కొట్టావిడకు మురికి అంటే పడదు. నన్ను చింతపండు పిప్పితో, గిన్నెలు తోమే పొడితో పరపరా రుద్ది తళతళలాడించింది. ఆ మెరుపు చూసి నేనూ మురిసిపోయాను. దాని ఖరీదేమిటో తర్వాత తెలిసింది.

నేను తిరిగిన కాలంలో తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూళ్ళూ గుంటూరు జిల్లాలోవే. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు రేపల్లె అటు వెళ్ళింది, తెనాలి గుంటూరుతో ఉండిపోయింది. కదలకుండా కూర్చున్న ఊళ్ళకే చిరునామా మారుతుంటే నా పుట్టిల్లు తేలలేదని బాధపడటం దేనికి?

నన్ను గుర్తుపట్టింది రేపల్లెలో ఒక మందుల కొట్టు యజమాని. ఎవరో జ్వరం బిళ్ళల కోసం ఇచ్చిన చిల్లరలో నన్ను చూసి, మారు మాట్లాడకుండా జేబులోంచి వేరే రూపాయి తీసి గల్లాపెట్టెలో వేశాడు, నన్ను జేబులో వేసుకున్నాడు. ఆ రాత్రి భూతద్దం కింద నన్ను ఎంతసేపు చూశాడో! ఆ వారంలోనే తెనాలిలో తెలిసిన వెండి కొట్టుకు తీసుకెళ్ళి ఎలక్ట్రానిక్ త్రాసు మీద పెట్టించాడు. 4.83 చూపించింది.

"అరిగింది గదండీ," అన్నాడు కొట్టాయన.

"అరుగుదల అంతేనా? అయితే అసలుదే," అని మావాడు సంబరపడ్డాడు.

లెక్క సులువే. నాలో లోహం తక్కువ కాలేదు, ముద్రే పక్కకు పడింది. అందుకే బరువు నిండుగా ఉండాలి. అదే రేకు అంచు మీద కత్తిరించడం వల్ల ముక్క తగ్గిన బిళ్ళయితే తేలిగ్గా తూగుతుంది. పైగా ఆ లోటుకు ఎదురుగా ఉన్న అంచు కూడా పలచగా ఉంటుంది. ఇంట్లో కత్తిరించి తెచ్చినవాళ్ళు ఆ ఎదుటి అంచు సంగతి మర్చిపోతారు.

ఎర్రర్ నాణేల లోకంలో అసలు తగువంతా ఇదే: దెబ్బ టంకశాల లోపల తగిలిందా, బయటా? ముద్రపడిన నాణెం ఒకటి అచ్చుకే అతుక్కుపోతే, తర్వాత వచ్చిన బిళ్ళ మీద అదే బొమ్మ తిరగబడి, లోతుగా పడుతుంది. దాన్ని లఖీ నాణెం అంటారు. కలిసొస్తుందని గల్లాపెట్టెలో దాచుకునే వ్యాపారులున్నారు. దొంగ లఖీ చేయాలంటే రెండు రూపాయలను వైస్‌లో బిగించి నొక్కితే చాలు. కానీ అలా నొక్కినప్పుడు వెనక పక్క బొమ్మ చితికిపోతుంది. నిఖార్సైన దానికి రెండు పక్కలూ పదునుగా ఉంటాయి.

ఒక సాయంత్రం ఏడో తరగతి కుర్రాడొకడు కొట్టుకొచ్చి, అప్పడంలా సాగిన రూపాయి కౌంటరు మీద పెట్టాడు.

"అంకుల్, ఇది ఎర్రర్ కాయినే గదా? యూట్యూబ్‌లో లక్షలంటున్నారు."

"ఏ గేటు దగ్గర పెట్టావురా పట్టాల మీద?"

వాడు కాసేపు నసిగి, "పల్లికోన దగ్గర," అన్నాడు.

తెనాలి–రేపల్లె రైలు చేసిన నాణెం అది. మావాడు తిట్టలేదు. భూతద్దం చేతికిచ్చి, నన్నూ దాన్నీ పక్కపక్కన పెట్టి చూపించాడు. దాని మీద అక్షరాలు సాగి అలుక్కుపోయాయి. నా మీద ఉన్నవి కొన్నే అయినా వాటి అంచులు నిటారుగా ఉన్నాయి. లక్షల మాటకు మాత్రం గట్టిగానే చెప్పాడు: పాత నాణేలు కొంటామంటూ రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని ముందుగా కమిషన్లు, పన్నులు గుంజే ముఠాలున్నాయని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. ఎవరికీ ఓటీపీ చెప్పొద్దని వాడితో రెండుసార్లు అనిపించాడు. నా అభిప్రాయం అడిగితే, ఆ వీడియోలు చేసేవాళ్ళకంటే పట్టాల మీద రూపాయి పెట్టిన వాడే నిజాయితీపరుడు. అడిగితే ఒప్పుకున్నాడు.

నన్ను గ్రేడింగుకు పంపాలన్న ఆలోచన అక్కణ్ణుంచే మొదలైంది. అమెరికాలో పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో మొదలయ్యాయి. నాణెం అసలుదో కాదో తేల్చి, 1 నుంచి 70 దాకా మార్కు వేసి, ప్లాస్టిక్ డబ్బీలో మూసి పంపుతారు. ఆ కొలబద్ద షెల్డన్ అనే ఆయన 1949లో పాత అమెరికా సెంట్ల కోసం తయారుచేసుకున్నది. మన దగ్గర వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. 1972 నాటి చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. నాకా ఇబ్బంది లేదు. నాలుగో అంకె ఏదైనా, వందేళ్ళు నిండలేదనడానికి 199 చాలు.

ఒక డీలరు ద్వారా వెళ్ళి నెలల తర్వాత తిరిగొచ్చాను. టంకశాల తప్పిదమేనని, ముద్ర పక్కకు పడిందని చీటీ మీద రాశారు. సంవత్సరం దగ్గర నాలుగో అంకెకు బదులు ఇంటూ గుర్తు పెట్టారు. ఊరి పేరు లేదు. మార్కు కూడా లేదు: నాణేన్ని తోమారని రాసి వదిలేశారు. సూర్యలంక రోడ్డు మీది ఆ తళతళ సంగతి ఇది. కంటికి ఆనని గీతలు వేలకొద్దీ ఉన్నాయట నా ఒంటి మీద. మురికితో ఉంటేనే మార్కు పడేది.

మావాడు రెండు రోజులు మొహం వేలాడేసుకుని, మూడో రోజు మళ్ళీ భూతద్దం పట్టాడు. అప్పుడు కనబడింది, నా రెండో 9 తోకలోంచి కంకి కాడ దాకా వెంట్రుకవాసి ఉబ్బు గీత. అచ్చు పగిలితే ఆ సందులోకి లోహం ఎక్కి ఇలాంటి గీత పడుతుంది. అంటే పగిలాక అదే అచ్చు కింద పడ్డ రూపాయలన్నిటికీ అదే చోట అదే గీత ఉండాలి. అవి తిన్నగా పుట్టినవి కాబట్టి నాలుగో అంకె, కింద గుర్తు రెండూ ఉంటాయి. శాతవాహనుల నాణేలు చదివేవాళ్ళది కూడా ఈ పద్ధతే. చేత్తో కొట్టిన ముద్రలు కావడంతో ఒకదాని మీద రాజు పేరు సగమే పడుతుంది, మిగతా సగం ఇంకోదాని మీద దొరుకుతుంది. రేపల్లె రైలు భట్టిప్రోలు స్తూపం ఊరి మీదుగా వెళ్ళేటప్పుడు మావాడు పక్క సీటాయనకు ఇదంతా వివరిస్తాడు, ఆయన అడక్కపోయినా.

ఇప్పుడు పాత వెడల్పు రూపాయలు తగ్గిపోతున్నాయి. 2011 నుంచి వచ్చినవి 22 మిల్లీమీటర్లయినా లేని చిన్న బిళ్ళలు. అందుకని తెనాలిలో బావమరిదికి, బాపట్లలో హోటలు నడిపే స్నేహితుడికి పెద్ద రూపాయలు పక్కన పెట్టమని చెప్పి ఉంచాడు. నిన్న బాపట్ల నుంచి ఒక డబ్బా వచ్చింది. కొట్టు మూశాక కౌంటరు మీద గుమ్మరించి, నక్షత్రాలు ఒక వరస, వజ్రాలు ఒక వరస పేర్చాడు. చుక్కలవి, గుర్తు లేనివి తిరిగి డబ్బాలో వేశాడు. నక్షత్రాల వరసే పొడుగ్గా ఉంది. పగిలిన 9 మాత్రం ఇంకా తగల్లేదు. వరసల్లో సగం పైగా చూడాల్సి ఉంది, లోపల్నించి అన్నం చల్లారిపోతోందని కేక వినబడింది.