కిటికీ ఉంది, సముద్రం లేదు: ఓడెక్కేవారికి తొమ్మిది చిట్కాలు

2022 జూన్‌లో కార్డీలియా క్రూయిజ్ కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ చెన్నై నుంచి విశాఖ వచ్చిన దగ్గర్నుంచీ బెజవాడలో ప్రతివాడి తోడల్లుడూ ఓడెక్కేస్తున్నాడు. మీరూ ఎక్కాలి. ఖర్చు తగ్గాలి, గొప్ప తగ్గకూడదు. అలాంటి వారి కోసమే ఓడల్లో అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ అని ఒక రకం గది ఉంటుంది. కిటికీ ఉంటుంది, వెలుతురొస్తుంది, బయట లైఫ్‌బోటు వేలాడుతుంటుంది. ధర మామూలుగా కిటికీ లేని గది కంటే ఎక్కువ, సముద్రం కనిపించే గది కంటే తక్కువ. కళ్లు మూసుకుని తీసుకోండి. ఎలాగంటే, ఇలా.

1. డెక్ ప్లాన్, అంటే ఓడలో గదుల పటం, చూడకండి. ఏ గది ముందు పడవ ఉందో అందులో గుర్తు పెట్టి ఉంటుంది. చూస్తే తెలిసిపోతుంది, తెలిస్తే రేపు గొడవ పెట్టుకునే హక్కు పోతుంది. కొన్ని గదుల్లో పడవ పైనుంచి కాస్త నీళ్లు కనిపిస్తాయి, కొన్నిట్లో నారింజ రంగు గోడ తప్ప ఇంకేమీ ఉండదు. ఏజెంటు ఆ తేడా చెప్పబోతే "మాకు తెలుసు లెండి" అని ఫోన్ పెట్టేయండి. ఇంకా మంచి ఫలితం కావాలంటే 'గ్యారంటీ' కేబిన్ తీసుకోండి. గది దొరకడమే గ్యారంటీ, ఏ గది అన్నది వాళ్లిష్టం.

2. మిగిలిన డబ్బు వెంటనే ఖర్చు పెట్టండి. ఓడలో ఇంటర్నెట్‌కు విడిగా డబ్బు కట్టాలి. సముద్రం కనిపించే గదికి పెట్టని డబ్బంతా అందులో పోయండి. లేకపోతే మీరు ఓడలో ఉన్నట్టు తోడల్లుడికి ఆ పూటే ఎలా తెలుస్తుంది?

3. గదిలోంచి సముద్రం కనిపించదు కాబట్టి ఫొటోలు ఊళ్లోనే తీసుకుని వెళ్లండి. 1957లో బెజవాడలో కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ కట్టింది కాలవలకు నీళ్లివ్వడానికని అందరూ అనుకుంటారు. మీ అవసరం కూడా తీరుతుంది. పున్నమి ఘాట్‌లో ఉదయాన్నే నిలబడి నీళ్లు మాత్రమే పడేలా తీయండి. భవానీ ద్వీపం తగలకూడదు. ఇంద్రకీలాద్రి పడిందా, అమ్మవారి సాక్షిగా దొరికిపోతారు.

4. ఓడెక్కగానే పడవ తీయించమని రిసెప్షన్లో అడగండి. వాళ్లు టైటానిక్ సంగతి ఎత్తుతారు: 1912లో అందులో దాదాపు 2,200 మంది ఉంటే పడవల్లో చోటు 1,178 మందికే ఉందనీ, 1914లో కొన్ని దేశాలు కూర్చుని సముద్రంలో ప్రాణరక్షణ కోసం సోలాస్ ఒప్పందం రాసుకున్నాయనీ. ఓపిగ్గా వినండి. విన్నాక "మేం మునగమని కాగితం మీద రాసిస్తాం, పడవని అటువైపు కట్టించండి" అనండి. వెనక క్యూ పెరిగేకొద్దీ గొంతు పెంచండి.

5. ప్రమాదమొస్తే ఏం చేయాలో నేర్పే డ్రిల్లు ఎగ్గొట్టండి. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే ఓడ ఒరిగిపోయాక, ఓడ కదిలేముందో కదిలిన వెంటనేనో ఈ డ్రిల్లు జరిపి తీరాలన్నారు. మీకు దేనికి? పడవ మీ కిటికీ ముందే ఉందిగా. ఆ అద్దం తెరుచుకోదనీ, ఆ పడవ మీకు కేటాయించింది కాదనీ, మీరు చేరాల్సిన చోటు ఓడలో ఇంకెక్కడో ఉండొచ్చనీ డ్రిల్లులో చెబుతారు. అవన్నీ వింటే నిద్ర పాడవుతుంది. బాత్రూంలో గడియ పెట్టుకోండి.

6. కర్టెన్ వేయకండి. కిటికీకి డబ్బు కట్టారు. సిబ్బంది పడవలు తుడవడానికీ, తనిఖీకీ, రేవులో నీళ్లలోకి దించి చూడడానికీ వస్తుంటారు. పొద్దున్నే లుంగీ బిగించుకుంటూ వాళ్లకి దర్శనమివ్వండి. వాళ్లకు మాత్రం అడ్డం లేని వ్యూ దొరుకుతుంది.

7. పై డెక్కు గుమ్మం తొక్కకండి. అక్కడ చుట్టూ సముద్రమే, సూట్ వాళ్లకీ మీకూ ఒకటే, పైసా అడగరు. వెళ్లారంటే గది చవగ్గా తీసుకోవడం తెలివైన పనేనని తేలిపోతుంది, మీ ఫిర్యాదు పలచబడుతుంది. లైఫ్‌బోట్లు ఎక్కువగా ఓడ నడుమ భాగంలో ఉంటాయి, అక్కడ ఊపు తక్కువ. ఆ సుఖం కూడా ఒప్పుకోకండి. రోజుకోసారి గోడ పట్టుకుని "కళ్లు తిరుగుతున్నాయి" అనండి.

8. పిల్లలకు భూగోళం చెప్పకండి. బందరు బస్సెక్కి వెళితే దగ్గర్లోనే మంగినపూడి బీచ్ ఉందనీ, అవనిగడ్డ దాటి వెళితే హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలుస్తుందనీ, అక్కడ ఏ లైఫ్‌బోటూ అడ్డం ఉండదనీ వాళ్లకు తెలిస్తే మీ పరువు గంగలో కలుస్తుంది. అడిగితే "అది వేరే సముద్రం" అనండి.

9. ఇంటికొచ్చాక అదే గదిని తోడల్లుడికి అంటగట్టండి. "ప్రైవేటు పడవ ఎదురుగా ఉన్న గది, అందరికీ ఇవ్వరు" అనండి. ఆయన సంబరపడి రెండు కుటుంబాలకూ పక్కపక్క గదులు బుక్ చేస్తాడు, రెండిటి ముందూ ఒకే పడవ. మీ ఆవిడ ముందు కాదనలేరు. సగం డబ్బు మీరే కట్టండి, రద్దు చేస్తే వెనక్కి రాని టికెట్టు ఎంచుకోండి, చెన్నై దాకా రైల్లో ఆయన లగేజీ కూడా మీరే మోయండి. ఇక్కడికి మీ తెలివి సంపూర్ణం.